నరసరాజు గారి ఇరవై గ్రాములు

మా నరసరాజు గారు దేన్నైనా తూచందే నమ్మరు. అరచేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులో ఉంటుంది. హోటల్లో ఇడ్లీ వస్తే తూస్తారు. పెళ్లి పత్రిక ఇస్తే ముందు తూచి, ఆ తర్వాత పెళ్లికూతురి పేరు చదువుతారు. మా గృహప్రవేశానికొచ్చి తాంబూలం తూచారు. మా ఆవిడ ఆయన్ని ఇంకా క్షమించలేదు.

భీమవరం వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి, రిటైరయ్యాక పటాన్‌చెరులో ప్రెస్సు పెట్టారాయన. మా చిన్న ప్రెస్సులు, మెయిలింగ్ యూనిట్ల సంఘానికి అధ్యక్షుడు. నేను కార్యదర్శిని. కంపెనీల కరపత్రాలు కవర్లలో పెట్టి వేలకొద్దీ పోస్టు చేయడం మా పని. కవరు ఇరవై గ్రాములు దాటిందా, రేటు పై మెట్టెక్కుతుంది, ఆ తేడా కట్టందే కవర్లు తీసుకోరు. వానాకాలంలో కాగితం తేమ పీల్చి తనంతట తానే బరువెక్కుతుంది. అందుకే ఆ నాలుగు నెలలూ ఒక్క గ్రాము సడలించమని మూడేళ్లుగా తపాలా శాఖకు విన్నపాలు పెడుతున్నాం.

ఆయన మీద ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. వానాకాలంలో ఆయన ప్రెస్సు నుంచి వచ్చే కరపత్రాలు గోరంత పొట్టిగా ఉంటాయి. "సారు కాగితం మిగిల్చుకుంటున్నడు" అని మా సంఘం సభ్యుడు వెంకటేశం మీటింగులోనే అనేశాడు. ఆయన కాటా తుడుచుకుంటూ కూర్చున్నారు. నేనూ వెంకటేశం మాటే నమ్మాను, అబద్ధమెందుకు?

చివరికి మొన్న జులైలో తపాలా శాఖ పెద్దాఫీసరు మా మొర వినడానికి వచ్చాడు. పోస్టాఫీసు పక్క హాల్లో రెండింటికి సమావేశం. బయట ఒకటే వాన. సరిగ్గా అప్పుడే సునంద నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఇంద్రేశంలో రేకుల షెడ్డు వేసుకుని, పన్నెండు మంది ఆడవాళ్లతో కవర్లు నింపిస్తుంది. గడ్డపోతారం మందుల కంపెనీ పని ఆమెదే, ఆ కరపత్రాలు అచ్చయ్యేది నరసరాజు గారి ప్రెస్సులో.

"రాంచందరన్నా, పోస్టాఫీసోళ్లు మూడు వేల కవర్లు వాపస్ జేసిన్రు! ఇరవై పాయింట్ మూడంట. ఇయ్యాల పోస్టు గాకుంటే ఇగ పనే ఇయ్యమన్నది కంపెనీ. మా ఆడోళ్లకు ఏం జెప్పాలె?"

నరసరాజు గారి మొహం పాలిపోయింది. "నాదేనమ్మా తప్పు. మూడు రోజులుగా ఈ విన్నపం పనిలో పడి మర్చిపోయాను" అన్నారు. ఏం మర్చిపోయారో అడిగేలోపే లోపలికి పిలిచారు.

ఆఫీసరు నరసరాజు గారి నోటుపుస్తకం తిరగేశాడు. మూడేళ్లుగా రోజుకో కవరు తూచి రాసిన లెక్క అది. ఎండాకాలం, పంతొమ్మిది పాయింట్ ఆరు. వానాకాలం, పంతొమ్మిది పాయింట్ ఎనిమిది.

"ఇరవై ఎక్కడ దాటింది? మీ పుస్తకమే మీకు సడలింపు అక్కర్లేదంటోంది కదండీ!"

టేబుల్ కింద నరసరాజు గారి కాలు తొక్కాను. అది ఆఫీసరు కాలని తర్వాత తెలిసింది.

"అవి... అంచు కోసేసిన కవర్లు సార్" అన్నారు నరసరాజు గారు నీళ్లు నములుతూ.

"కోయడమేంటి?"

ఆయన సంచిలోంచి కాగితం పట్టీల కట్టలు తీశారు. ప్రతి కట్ట మీదా తేదీ ఉంది. "వాన పట్టగానే సునంద కరపత్రాలకి గోరంత అంచు కోసి పంపేవాణ్ణి. ఆవిడ షెడ్డుకి చెమ్మెక్కువ. ఆ సంగతి కంపెనీకి తెలిస్తే పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదండి. ఈసారి కోయడం మర్చిపోయాను, ఇవాళ మూడు వేల కవర్లూ వాపసొచ్చాయి."

వెంకటేశం తల దించుకున్నాడు. నేను అంతకంటే కిందికి దించాను.

ఆఫీసరు నోటుపుస్తకంతో పాటు జతచేసిన కవరును కాటా మీద పెట్టాడు. పంతొమ్మిది పాయింట్ ఎనిమిది. దాని మీద, దాని కరపత్రాల నుంచి కోసిన పట్టీలు వేశాడు. ఇరవై పాయింట్ మూడు.

"సడలింపు నా చేతుల్లో లేదు. మీ పట్టీలు జతచేసి పైకి సిఫారసు రాస్తాను. ఇవాళ్టి కవర్ల సంగతంటారా... ఈ హాల్లో ఏసీ ఉంది. ఆరబెట్టుకోండి. కౌంటర్ నాలుగింటికి మూస్తారు."

ఇక చూడాలి మా సంఘాన్ని! వాపసొచ్చిన బస్తాలు విప్పి బల్లల మీద, కుర్చీల మీద, నేల మీద కవర్లు పరిచాం. వెంకటేశం విన్నపం ఫైలుతో గాలి విసిరాడు. సునంద గోడకానుకుని గడియారం చూస్తూ నిలబడింది. మూడుంబావుకు ఇరవై పాయింట్ రెండు. మూడున్నరకు ఇరవై పాయింట్ ఒకటి. నాలుగింటికి పది నిమిషాలుందనగా నరసరాజు గారు మళ్లీ ఓ కవరు కాటా మీద పెట్టారు. పంతొమ్మిది పాయింట్ తొమ్మిది!

బస్తాలెత్తుకుని అందరం కౌంటర్‌కు పరుగు తీశాం. గుమాస్తా పది కవర్లు తీసి తూచి, ముద్ర వేశాడు. కడుపు నిండినట్టయింది నాకు.

మర్నాడు సునంద పళ్లెం నిండా సర్వపిండి రొట్టెలు తెచ్చింది. నరసరాజు గారు అలవాటుగా ఒకటి తీసి కాటా మీద పెట్టారు. దాని బరువు కాటా మోయలేక అంకెలు పోయి గీతలు వచ్చాయి. ఆయన కంగారుగా దాని అంచు తుంచబోయారు.

సునంద ఆయన చెయ్యి పట్టుకుంది.

"సారూ, ఇదన్న కొయ్యకుండ తినుండ్రి."