చెరిపించిన రెండు చారలు

ఆ ఇంటూ మార్కు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మూడో క్లాసు పిల్ల రెండు సాయంత్రాలు కూర్చుని గీసిన ఉడత బొమ్మ మీద, మూతి దగ్గర్నుంచి తోక దాకా ఎర్ర సిరాతో ఇంటూ. పక్కన "చారలు తప్పు" అని ఇంగ్లీషులో ఓ ముక్క. బాగున్న బొమ్మల్ని బడి ఎగ్జిబిషన్‌లో పెడతామన్నారు. మా అమ్మాయి వారం రోజులుగా ఆ మాటే. ఆ రోజు ఇంటికొచ్చి బ్యాగు విసిరేసి, అన్నం వద్దని పడుకుంది.

తప్పా? ఎవరికి చెబుతున్నారసలు? నేను ఢిల్లీ జియా సరాయ్ కోచింగ్ సెంటర్లో సివిల్స్ రాసే పిల్లలకి జువాలజీ చెప్పేదాన్ని. ఉడతది ఏ కుటుంబం, ఏ ప్రజాతి అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మా గుంటూరు వైపు ఉడతకి వీపు మీద మూడు చారలు. శాస్త్రీయ నామం ఫునాంబ్యులస్ పాల్మారమ్. అందులోనూ ప్రాంతాన్ని బట్టి ఉపజాతులు. రాముడు మూడు వేళ్ళతో నిమిరాడని మా నాయనమ్మ చెప్పిందీ ఆ ఉడత గురించే. దక్షిణాది అంటే ఈ ఢిల్లీ వాళ్ళకి ఇడ్లీ సాంబారు తప్ప ఇంకోటి తెలీదు, చివరికి మా ఉడతలు కూడా వీళ్ళ లెక్కలోకి రావన్నమాట.

మర్నాడు సెలవు పెట్టి, నా నోట్సు బ్యాగులో వేసుకుని, పిల్లని వెంటబెట్టుకుని, ఢిల్లీ పక్కనే ఇందిరాపురంలో వాళ్ళ బడికి వెళ్ళాను.

టీచరు నా కంటే చిన్నది. నోట్సు తెరిచి పాల్మారమ్ గురించి చెప్పి ఆవిణ్ణి దులిపేశాను. ఆవిడ అంతా విని, "అచ్ఛా మేడమ్, మీ వైపు మూడే ఉంటాయేమో. మేం మాత్రం ఇంటి బాల్కనీలోంచి కనిపించే జంతువుని చూసి గియ్యమన్నాం" అంది.

నా వేలు నోట్సులో తర్వాతి లైను మీదే ఉంది. ఫునాంబ్యులస్ పెన్నాంటియై, ఉత్తరాది ఉడత, అయిదు చారలు. ఏళ్ళ తరబడి నా చేత్తో బోర్డు మీద రాస్తున్న లైను. మా బాల్కనీ దండెం మీద రోజూ పరిగెత్తే ఉడతని ఇక్కడికొచ్చిన పదేళ్ళలో ఒక్కసారి తేరిపార చూస్తే ఒట్టు.

టీచరు బొమ్మని కిటికీ వెలుతురుకి పట్టుకుంది. మూడు చారలకి అటొకటి, ఇటొకటి, రబ్బరుతో చెరిపిన గీతలు. "ముందు సరిగ్గానే గీశావు కదా. ఎవరు చెరిపించారు?" అని పిల్లని అడిగింది.

"అయిదేంటే, ఉడతకి మూడే. చెరుపు" అని, ఆ బొమ్మ గీసే సాయంత్రం, వంటగదిలోంచి తొంగిచూసి అన్నది నేను. "మమ్మా, మైనే గినా హై" అంది పిల్ల, తను లెక్కపెట్టానని. "నాకు చెప్తావా" అని రబ్బరు చేతికిచ్చిందీ నేనే.

పిల్ల నా వంక చూసింది. "మైనే ఖుద్ మిటాయా, మ్యామ్" అంది. నేనే చెరిపానని.

చూసింది చూసినట్టు గియ్యాలి కదా అని టీచరు దాన్ని కోప్పడుతోంది. అది తలూపుతోంది. నోట్సు మూసి బ్యాగులో పెట్టుకున్నాను.