తాత ఎక్కిన ఓడ కాయితం

కొండను తవ్వి ఎలుకను పట్టాడని లోకం ఎవరినో వెక్కిరిస్తుంటుంది. ఆ మహానుభావుడు నాకంటే చాలా నయం. నేను ఇరవై రెండేళ్ల వయసులో ఏకంగా సముద్రాన్నే తవ్వాను. ఏం పట్టానో, దానివల్ల పురానాపూల్ దగ్గర మా గల్లీ ఎంత అతలాకుతలమైందో చెబుతాను. మీరు నిరభ్యంతరంగా నవ్వండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. మా తాత సాయిలు అప్పటికే పోయాడు. కుర్రతనంలో మద్రాసు రేవులో పొగ ఓడ ఎక్కి, ఆఫ్రికా చెరుకు తోటల్లో ఐదేళ్లు పనిచేసి వచ్చాడని మా ఇంటి గొప్ప. తిరిగొచ్చాకే తనను పెళ్లాడాడని నాయనమ్మ లచ్చమ్మ చెప్పేది. సముద్రం దాటినవాడి పెళ్లాం కాబట్టి గల్లీలో ఆమె మాటే హైకోర్టు.

ఎదురింటి నూనె దుకాణం కిష్టయ్య సేటు కూతురు పద్మ, ప్రెస్సులో పనిచేసే ఒకతన్ని చెప్పకుండా పెళ్లాడి మొఘల్‌పురాలో కాపురం పెట్టింది. ఇప్పుడు ఆరో నెల, పురిటికి పుట్టింటికి వస్తానని కబురంపింది. సేటు కేసును మా హైకోర్టుకు తెచ్చాడు.

“బిడ్డను పిలుసుకోనా అమ్మా?”

“పెద్దోళ్లకు చెప్పకుంట పోయింది పోయినట్టే. తలుపు తియ్యకు.”

సేటు కళ్లనీళ్లతో బయటికొచ్చి కోపమంతా నా మీద కక్కాడు. “మస్తు నీతులు చెప్తది మీ నాయనమ్మ! మీ తాత ఓడ ఎక్కంగ ఎవ్వడు చూసిండు? సికింద్రాబాద్ టేషన్ దాటిండో లేదో!”

“కాయితం తెప్పిస్త సేటూ! ఓడ ఎక్కినోళ్ల పేర్లన్ని రాసిపెట్టిన్రట!”

నేను ఆఫీసులో టైపిస్టును. అర్జీ రాయడంలో నన్ను మించినవాడు మూసీకి ఇవతల లేడని నా గట్టి నమ్మకం. అదే రోజు మద్రాసులో పాత రికార్డులుండే సర్కారు కచేరీకి రెండు పేజీలు టైపు కొట్టి పంపాను.

నాయనమ్మకు చెబితే మొహం మాడ్చుకుంది. “గీ కాయితాల లొల్లి ఎందుకురా? ఊకో.”

వినయం అనుకున్నాను.

“అండ్ల ఏమేం రాస్తర్రా?”

“అన్ని రాస్తరు నాయనమ్మా! ఎత్తుతో సహ!”

ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. భర్త గుర్తొచ్చాడు కాబోలు, పాపం, అనుకున్నాను. చూడండి నా తెలివి!

మూడు నెలలకు లక్క ముద్రతో కవరొచ్చింది. వచ్చింది మంగళవారం. మంగళవారం విప్పొద్దంది అమ్మ. సరే, ఆదివారం పొద్దున రాహుకాలం లేని వేళ, నలుగురి ముందు కొబ్బరికాయ కొట్టి విప్పుదామని నేనే ముహూర్తం పెట్టాను. శనివారం నాయనమ్మ ఆ కవరుతో పొయ్యి రాజేయబోతుంటే చటుక్కున లాక్కున్నాను. చూపు ఆనడం లేదని జాలిపడ్డాను కూడా.

ఆదివారం టెంటుహౌసు కుర్చీలు, కెటిల్ నిండా చాయ్. గల్లీ గల్లీ అంతా వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, కవరు చించి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని అప్పటికప్పుడు తెలుగు చేస్తూ చదివాను.

“పేరు సాయిలు. తండ్రి పోచయ్య. వయసు ఇరవై రెండు. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు!”

చప్పట్లు. సేటు తల దించుకున్నాడు. నేను అక్కడ ఆపాల్సింది. ఆపితే నేనెందుకవుతాను?

“వెంట భార్య. పేరు రాజవ్వ. వయసు పద్దెనిమిది...”

చాయ్ కప్పులన్నీ గాల్లోనే ఆగిపోయాయి.

“అయ్యో! అత్తమ్మకు సవతి ఉండెనా!” అని అమ్మ గొల్లుమంది. లేచి వెళ్లి గోడ మీది తాత ఫోటోను వెనక్కి తిప్పేసింది. మా ఇంట్లో కోడలు అత్త పార్టీలో చేరడం అదే మొదటిసారి.

పక్కింటి యాదమ్మ అందుకుంది. “ఎవతో సిగ్గులేనిది! అమ్మ అయ్య లేకుండెనా దానికి? మొగోని ఎంట ఓడ ఎక్కిందంటె లేచిపోయినదే గావచ్చు!”

నాయనమ్మ బాధ చూడలేక నేను ఛాతీ విరుచుకున్నాను. “ఫికర్ చెయ్యకు నాయనమ్మా! గా రాజవ్వ ఏమైందో, యాడున్నదో గూడ పట్టుకొస్త! రేపే ఇంకో అర్జీ పెడ్త!”

“నువ్వేం పట్టుకొస్తవురా దద్దమ్మా! నేనే రాజవ్వను!”

ఈసారి కప్పులు నిజంగానే కిందపడ్డాయి. టెంటుహౌసు వాడికి ఆరు కప్పుల దండుగ.

“పేరు మార్చి రాయించిన,” అంది నాయనమ్మ. “మా అన్నలు ఎంటబడ్డరు. దొరికితె కాళ్లు ఇరగ్గొడుదురు. ఐదేండ్లకు తిరిగొచ్చి తలుపు కొట్టిన. తియ్యలె. లోపట మా అమ్మ ఏడుస్తున్నది, నాకు ఇనవడ్తనే ఉన్నది. గప్పటిసంది నా సంగతి ఎవ్వరు అడగొద్దని అందరికన్న గట్టిగ నేనే మాట్లాడుకుంట వచ్చిన.”

నాకైతే ఆ కాగితం మింగేసి చచ్చిపోదామనిపించింది. యాదమ్మ మెల్లగా తన చెప్పులు వెతుక్కుంటోంది. సేటు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

“మరి నా బిడ్డ సంగతేందమ్మా?”

నాయనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. “నీ ఇంటి తలుపు తీసి పెట్టుపో. రేయ్ సుదర్శన్, రిక్షా పిలువు. మొఘల్‌పురాకు పోయి నేనే తోలుకొస్త.”

తోలుకొచ్చింది. దిష్టి కూడా తనే తీసింది. సేటు గల్లీ అంతటికీ జిలేబీ పంచాడు, నాకు తప్ప. మా హైకోర్టు మాత్రం ఆనాటి నుంచి పూర్తిగా పార్టీ మార్చేసింది. చాటుగా పెళ్లి చేసుకోవాలనుకునే ప్రతి జంటా సలహా కోసం మా గుమ్మం తొక్కడం, నాయనమ్మ వాళ్లకు చాయ్ పోసి, “అసలు పేరు మాత్రం రాయించకుండ్రి,” అని బోధించడం, వాళ్ల అన్నలొచ్చి నా కాలరు పట్టుకోవడం!

కాబట్టి పాఠకులారా, ఇదే నా ప్రతిజ్ఞ: నేను ముందు చదవని కవరును నలుగురిలో విప్పను, అది కరెంటు బిల్లయినా సరే. ముసలివాళ్లు దేన్నయినా పొయ్యిలో పెడుతుంటే, అడ్డం పడకుండా అగ్గిపెట్టె అందిస్తాను.