ముంగిసకూ రాతిపువ్వుకూ పోలిక వెతుకుతూ శిబ్‌పూర్ తోటకు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేనూ మా వియ్యపురాలు సూరమ్మా కలకత్తా ఖిదిర్‌పూర్‌లో బస్సెక్కాం. కారణం, సాల్ట్ లేక్ నుంచి వచ్చి మాలాంటి ముసలాళ్ళకు చదువు చెప్పే టీచరమ్మ. చీటీలు తీయించింది. ఒకావిడకు ఆవూ గేదే వచ్చాయి. నాకు ముంగిసా రాతిపువ్వూ. సోమవారానికి ఒక పోలిక, ఒక తేడా, కళ్ళతో చూసి రాయాలి. లేకపోతే అరవై ఏడేళ్ళ నేను మళ్ళీ అఆల బల్ల మీద సూరమ్మ పక్కన కూర్చోవాలి.

"సోటు అట్టేపెట్టాను, వచ్చీ వదినా" అని ఆవిడ వారంగా ఒకటే ఎకసెక్కం.

బాబూఘాట్‌లో లాంచీ, హౌరాలో ఇంకో బస్సు. తొమ్మిదిన్నరకు తోటలో ఉన్నాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకుని వెళ్ళండి, నడక చాలా ఉంది.

తోటమాలి ఒక మాను మీద బూడిదరంగు మచ్చలు చూపించాడు. గోకబోయాను. "హాత్ దియో నా, మాశీ" అన్నాడు, చెయ్యి పెట్టొద్దని. మసాలాలో వేసే రాతిపువ్వుకు ఇది చుట్టమట. పువ్వు కాదట, బూజూ పాచీ కలిసి పెట్టిన కాపురమట. గోరంత పెరగడానికి ఏడాది పడుతుందట. నలభై ఏళ్ళు పువ్వనుకునే మాంసంలో వేశాను.

పదకొండింటికి కొంగుచాటున తెచ్చిన కోడిగుడ్లు వలుస్తున్నాం. ఎక్కడి నుంచో ముంగిస వచ్చి సూరమ్మ ఒళ్ళోని గుడ్డు ఎత్తుకుపోయింది. చెప్పు తీసుకుని వెంటపడ్డాను. అది ఆ మాను మొదట్లోనే ఆగింది, ఆగి కనపడకుండా పోయింది. బొచ్చూ మచ్చలూ ఒకే చుక్కల బూడిదరంగు. వెనక్కి తిరిగితే సూరమ్మ నెత్తీ అదే రంగు.

మూడింటికి తిరుగు లాంచీలో పుస్తకం తీసి, సూరమ్మ నెత్తీ ముంగిసా రాతిపువ్వూ ఒకే రంగని పోలిక రాశాను. సూరమ్మ తొంగిచూసి ఒక మాట మీద వేలు పెట్టింది. "ఇది నా పేరు గదా. పక్కనేటి రాశావు?"

చెప్పను, చదువుకోమన్నాను. పేరు తప్ప అక్షరం రాదని అఆల బల్ల మీద హాయిగా కునుకు తీసే మనిషి, గంగ సగం దాటేసరికి కూడబలుక్కుని ముంగిస దాకా వచ్చేసింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది.

"అలాగైతే రాతిపువ్వువి నువ్వే వదినా. ఏడాదికి గోరంత సదువు."

తేడా దొరికింది. ముంగిస ఒక్క దూకున పోతుంది, రాతిపువ్వు ఏడాదికి గోరంత పెరుగుతుంది అని బాబూఘాట్ రాకముందే రాసేశాను. ఇక ఆ బల్ల మీదికి నేను వెళ్ళను. ముంగిస దాకా చదివింది కాబట్టి సూరమ్మే నా బల్లకు రావాలి. చోటు అట్టేపెడతానని చెప్పాను.