కొట్టంత వెడల్పు వెబ్‌సైట్

మా అక్క మొగుడు తాళాలు తెరుస్తాడు. దొంగ కాడు లెండి, ఆయన వృత్తే అది. తాళంచెవి పారేసుకున్నవాళ్ళకీ, లోపల మరిచిపోయి తలుపు లాగేసుకున్నవాళ్ళకీ ముప్ఫై రెండేళ్ళుగా తలుపులు తెరిచిపెడుతున్నాడు. తలుపుకు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, సన్నటి ఇనపకడ్డీ లోపల తిప్పుతుంటే ఇంటివాళ్ళు ఊపిరి బిగబట్టి చూస్తారు. రెండు నిమిషాలు పడుతుంది. తలుపు మీద గీత కూడా పడదు. తెరిచాక పక్కకు తప్పుకుని, "లోపలికెళ్ళి చూసుకోండి" అంటాడు. అంతకుమించి నోరు విప్పడు.

ఇంతటి పనిమంతుడు తన వెబ్‌సైట్‌ను మాత్రం అవసరమున్నవాడికి అక్కరకు రాకుండా చేయించుకున్నాడు. ఆ ఘనకార్యంలో నాకూ వాటా ఉంది కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

నేను ఆయన కొట్లోనే కౌంటరు దగ్గర కూర్చుంటాను. మారు తాళంచెవులు కోసే యంత్రం నా చేతిలో ఉంటుంది. మా కొట్టు ఎంతంటే, ఇద్దరం ఒకేసారి లేచి నిలబడితే ఒకరం వీధిలోకి దిగాలి. గోడనిండా మేకులు, మేకులనిండా తాళంచెవులు. నాకు నలభై నాలుగేళ్ళు వచ్చాయి, అయినా ఆయనకు నేనింకా "మరదలు పిల్ల"నే. నాకు ముక్కుమీద కోపమని అక్క అంటుంది. ఈ మనిషి పక్కన పన్నెండేళ్ళు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

రెండేళ్ళుగా బావకు పిలుపులు తగ్గిపోయాయి. ఒకప్పుడు రోజుకు ఏడెనిమిది వచ్చేవి. చివరికి వారానికి రెండు వస్తే గొప్పయింది. బావ ముందు తాళాలను అనుమానించాడు. "ఈమధ్య మంచి తాళాలు చేస్తున్నారు, మొరాయించడం లేదు" అన్నాడు. తర్వాత జనం మీద పడ్డాడు. "మనుషులకు జాగ్రత్త పెరిగింది మరదలు పిల్లా" అన్నాడు. జనానికి జాగ్రత్త పెరగడమేమిటి, నా తలకాయ! కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికే జనమే కదా వీళ్ళు!

కొట్టు మూసేసి, బజారు చివరి పెద్ద భవనంలో కాపలా ఉద్యోగానికి వెళ్ళమని అక్క పోరు పెట్టింది. అక్కడి తలుపులు కార్డు చూపిస్తే వాటంతటవే తెరుచుకుంటాయి. వాటి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడాన్ని తలుచుకుంటేనే బావ ముఖం మాడిపోయేది. "ఏడాది చివరిదాకా చూద్దాం. అప్పటికీ పిలుపులు రాకపోతే నా చేత్తో నేనే షట్టరు దించేస్తాను" అని అక్కకు మాటిచ్చాడు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే, ఫోన్ పాడైందేమోనని, నా ఫోన్ నుంచి తనకు ఒకసారి చేయించుకునేవాడు. పక్షిలా మోగేది. "బాగానే ఉంది" అని మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు.

అప్పుడే బోర్డుల మేస్త్రి వచ్చి వెబ్‌సైట్ పెట్టించుకోమన్నాడు. ఎదురు వరసలో కొట్లకు బోర్డులు రాసుకునే ఆయన, కాలం మారాక కంప్యూటర్ కొనుక్కుని వెబ్‌సైట్లు కూడా చేస్తున్నాడు. బావ దృష్టిలో వెబ్‌సైట్ అంటే కంప్యూటర్లో తగిలించే బోర్డు. బోర్డన్నాక పెద్దగా ఉండాలి.

"అన్నా, ఇప్పుడంతా ఫోన్లోనే చూస్తున్నారు" అన్నాడు మేస్త్రి. "ఫోనుకైతే విడిగా చెయ్యాలి. పెద్ద బొమ్మలు పనికిరావు. పైనే నంబరుండాలి, దాన్ని నొక్కగానే మీకు ఫోన్ మోగాలి."

"ఫోన్లో ఎవడు చూస్తాడయ్యా?" అన్నాడు బావ. "వెబ్‌సైటంటే తీరిగ్గా కంప్యూటర్ ముందు కూర్చుని చూసేది. అగ్గిపెట్టెంత చేసి నా పరువు తియ్యకు. మా కొట్టంత వెడల్పుండాలి."

మేస్త్రికి ఏం పోయింది, చేసిపెట్టాడు. తెరంతా నిండిన బంగారు తాళంచెవి ఒకటి మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. కుడివైపు మూలన మెలికల అక్షరాలతో కొట్టు చిరునామా, ఫోన్ నంబరు. అవి కూడా ఆ బొమ్మలో భాగమే. అడుగున ఒక లెక్క: ఇప్పటివరకు విచ్చేసినవారు ఇంతమంది. మేస్త్రి బల్ల మీది పెద్ద తెర మీద దాన్ని చూసి బావ, అక్క, మేస్త్రి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, దాచుకోవడమెందుకు. ఇంటి బయట ఇరుక్కున్న మనిషి తీరిగ్గా కంప్యూటర్ ముందు ఎలా కూర్చుంటాడు? కంప్యూటరేమో లోపలుంది, మనిషేమో బయటున్నాడు. మా నలుగురిలో ఒక్క బుర్రకైనా ఈ ముక్క తట్టలేదు.

బావది మీటలు నొక్కే పాత ఫోన్. నాది మాత్రం పెద్ద తెర ఫోనే. ఆ వెబ్‌సైట్‌ను అందులో ఒక్కసారైనా తెరిచి చూశానా? లేదు. నాకేం అవసరం, బావను పిలవాలంటే పక్కకు తిరిగితే చాలు!

అక్కడితో ఆగినా బాగుండేది. బావకు ఒక అలవాటుంది. పనిచేసిన ప్రతి తలుపు పక్కనా, కంటికి ఆనేచోట చిన్న కాగితం అంటిస్తాడు. దాని మీద తాళంచెవి బొమ్మ, కింద ఫోన్ నంబరు. వెబ్‌సైట్ వచ్చాక ఆ కాగితాలు పాతబడిపోయాయనిపించింది ఆయనకు. కొత్తవి అచ్చు వేయించాడు. వాటిలో నంబరు లేదు, వెబ్‌సైట్ పేరొక్కటే ఉంది. "నంబరెందుకు బావా తీసేశారు?" అంటే, "అన్నీ అందులోనే ఉన్నాయి కదా, చూసుకుంటారు" అన్నాడు. ఇద్దరం మూడు రోజులు ఇల్లిల్లూ తిరిగాం. ఆయన పాత కాగితం గోకితే, నేను కొత్తది అంటించాను. మా నంబర్ని ఊళ్ళో తలుపుల మీంచి మా చేతుల్తో మేమే గోకేసుకున్నాం. ఇంతకన్నా తెలివైన పని శత్రువు చేత కూడా కాదు.

తమాషా ఏమిటంటే, వెబ్‌సైట్‌కు జనం రానే వచ్చారు. పొద్దున్నే బావ మేస్త్రి దగ్గరికి వెళ్ళి లెక్క చూసుకుని, పెళ్ళికొడుకులా నడిచి వచ్చేవాడు. "నిన్న పదకొండుమంది వచ్చారు మరదలు పిల్లా!" "వచ్చి ఏం చేశారు బావా?" "చూశారు." "చూసి?" "వెళ్ళారు. ఇవాళ చూసినవాడు రేపు పిలుస్తాడు." తలుపు బయట నిలబడ్డవాడు రేపటిదాకా ఆగుతాడా అని నేనైనా అడగలేదు. ఆరు నెలలు గడిచాయి. ఏడాది చివరికి ఇంకా పది రోజులే ఉన్నాయి.

ఆ రోజు మధ్యాహ్నం మా వెనక సందులోంచి గోల వినిపించింది. ఏదో ధన్‌మని విరిగిన చప్పుడు, వెంటనే పసిపిల్ల ఏడుపు. బావ సంచీ అందుకుని పరిగెత్తాడు, వెనకాలే నేనూ. మా కొట్టు నుంచి ముప్ఫై అడుగులు కూడా ఉండదు ఆ ఇల్లు. తలుపు సగానికి చీలి, ఒక్క బందు మీద వేలాడుతోంది. గునపం పట్టుకున్న పొరుగాయన చెమటలు కక్కుతున్నాడు. లోపల పొయ్యి మీద మాడిన పాలగిన్నె, గదినిండా పొగ. రెండేళ్ళ పిల్లను గుండెలకు హత్తుకుని వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. పిల్లకేమీ కాలేదు, నయం.

ఆవిడ మూడు నెలల క్రితమే ఆ ఇంట్లో దిగిందట, పక్కనే మా కొట్టున్న సంగతే తెలియదు. ఆరేసిన బట్టలు తియ్యడానికి బయటికొస్తే గాలికి తలుపు పడిపోయింది. పిల్ల లోపల, పాలు పొయ్యి మీద, ఆవిడ చేతిలో ఫోనొక్కటే. తలుపు పక్కన మా కాగితం కనిపించింది.

బావ చేతిలో సంచీ, సంచీ మీద తాళంచెవి బొమ్మ చూసి ఆవిడ కళ్ళెర్రజేసింది. "ఇది అంటించింది మీరేనా?"

"నేనేనమ్మా."

"చూడండి!" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టింది. "పావుగంట కుస్తీ పట్టాను. ముందు ఎంతకీ తెరుచుకోదు. తెరుచుకుంటే ఒకటే బొమ్మ. నంబరెక్కడుందో కనపడదు. పెద్దది చేస్తే పక్కకు జారిపోతుంది. నొక్కితే మోగదు. చీమల్లాంటి అంకెలు చూసి కొడితే ఎవరో వేరే ఆయన తీశాడు. ఇంకో తాళాలతని వెబ్‌సైట్ చూశాను, వేలు పెట్టగానే ఫోన్ కలిసింది. కానీ అతను దూరం నుంచి రావాలి. ఈలోగా పొగ మొదలైంది!"

బావ తన వెబ్‌సైట్‌ను ఫోన్లో చూడడం అదే మొదటిసారి. బంగారు తాళంచెవి తిరుగుతోంది. బండబారిన వేళ్ళతో అటు జరిపాడు, ఇటు జరిపాడు. తన నంబరు తనకే దొరకలేదు. జరుపుతూ జరుపుతూ అడుగుకు వెళ్ళాడు. విచ్చేసినవారు పంతొమ్మిది వందల నలభై ఆరుమంది.

"వీళ్ళందరూ..." అని ఆగిపోయాడు.

అవును బావా, వీళ్ళందరూ. వీళ్ళలో ఎంతమంది తలుపుల బయట నిలబడి మనల్ని వెతికి తిట్టుకుంటూ పోయారో! నాకు సిగ్గుతో చెవులు మండాయి. "రేపే మేస్త్రి చేత ఫోనుకు తగ్గట్టు చేయిద్దాం" అన్నాను గబగబా. ఆయన వినిపించుకోలేదు. ఫోన్ ఆవిడకిచ్చేసి, "తలుపు బాగుచేసి పెడతానమ్మా" అని వంగాడు.

"మీరొద్దు" అంది ఆవిడ. "ఆ రెండో తాళాలతను వస్తున్నాడు."

బావ లేచాడు. ఆ ఒక్క బందూ ఊడేలా ఉంది, ఊడితే వచ్చి పిల్ల మీద పడేలా ఉంది. ఆయన తలుపుకు భుజం ఆనించి నిలబడ్డాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వచ్చెయ్యమని సైగ చేశాను. కదల్లేదు.

ఇరవై నిమిషాలకు ఆ రెండో తాళాలాయన వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. "మీరు ఇంటాయనా?" అని బావనడిగాడు.

"కాదు బాబూ. ఖాళీగా ఉన్నాను, పట్టుకున్నాను."

చెక్కలు కలిపి బందులు బిగించినంతసేపూ బావ అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఆ అబ్బాయి తాళాన్ని ఊడదీసి, "ఇది పాతరకం, నాకు రాదు, పారేసి కొత్తది వేద్దాం" అన్నాడు. బావ చెయ్యి చాచాడు. అరచేతిలో దాన్ని తిరగేసి, కడ్డీతో లోపలి స్ప్రింగును చోటుకు జరిపి తిరిగిచ్చాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ అబ్బాయి నోరు తెరిచాడు. "అన్నా! మీరీ పనిలో ఉన్నారా? మరి ఎక్కడా కనపడలేదే!" బావ కడ్డీని సంచీలో పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి ఆగలేదు. "నాకు రోజుకు పదిహేను పిలుపులొస్తాయన్నా. పాత తాళాలైతే వదులుకుంటున్నాను. నాతో వచ్చెయ్యండి. ఫోన్లు నేను చూసుకుంటా, పని మీరు చూసుకోండి. మీకు కొట్టు కూడా అక్కర్లేదు. మీ నంబరు చెప్పండి."

ఆరు నెలలుగా ఆ ఒక్క మాట ఎవరైనా అడక్కపోతారా అని కాచుక్కూర్చున్నాం. అడిగినవాడు వీడా! వద్దనమని నేను బావ వైపు చూశాను. ఆయన నా ముఖం చూడలేదు. గొంతు సవరించుకుని ఒక్కో అంకే చెప్పడం మొదలుపెట్టాడు. ఎనిమిది చెప్పాక ఆగి, తలుపు పక్కనున్న మా కాగితం వైపు తిరిగాడు. ఆ అబ్బాయి ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

మిగతా రెండూ నేనే చెప్పాను.