చితిమీద కాలిన గెడ

మా అన్నను చంపినవాడి కోసం పోలీసులు ఎంతకాలం వెతికారని నా మనవరాలు అడిగింది. జుట్టు నెరిశాక నాకు అక్షరాలు దిద్దబెట్టింది అదే, కనక జవాబు రాసే ఇస్తున్నాను.

మాది కొల్లేటి లంక. నాన్న పోయాక ఇంట్లో అమ్మా, అన్నా, నేనూ, నా వెనక ఇద్దరు తమ్ముళ్ళూ. చేపలకు వలకట్టు వేసే చోటు గురించి మా అన్నకూ ఊళ్ళో ఒక పెద్ద కుటుంబానికీ తగాదా. ముసురు పట్టిన రోజుల్లో ఒక పొద్దున అన్న దోనె తుంగలో ఇరుక్కుని కనపడింది. అన్న అందులో బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక చితికిపోయి ఉంది. పక్కన దోనె నడిపే వెదురు గెడ ఉంది.

ఏలూరు నుంచి ఎస్సై వచ్చాడు. గెడ చూపించి, "ఇదెవరిది?" అని అడిగాడు.

మా అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ముందుకొచ్చాడు. "మా వోడిదేనండి."

ఊళ్ళో గెడలన్నీ చక్కజేసి ఇచ్చేది ఆయనే. ఇంకెవర్ని అడుగుతారు? ఎస్సై ఆ గెడను పక్కన పడేశాడు.

నీటి మీద పోయినవాడి గెడ ఇంకొకరు పట్టకూడదని మా వాళ్ళ ఆనవాయితీ. విరిచి చితిమీద పెడతారు. ఆస్పత్రి నుంచి శవం రాగానే మామ తన చేత్తోనే విరిచి పెట్టాడట. ఆడవాళ్ళం శ్మశానానికి వెళ్ళం. అమ్మా నేనూ ఆ గెడను దగ్గరగా చూడనేలేదు.

మొదట్లో ఎస్సై తరచు వచ్చేవాడు. తర్వాత కానిస్టేబుల్ ఒక్కడే వచ్చేవాడు. ఆ తర్వాత అతనూ మానేశాడు. అమ్మ మటుకు చేపలమ్మడానికి ఏలూరు వెళ్ళినప్పుడల్లా నన్ను వెంటేసుకుని స్టేషన్ మెట్లెక్కేది.

"వచ్చేవా అమ్మా. ఆ బుట్ట గేటవతల పెట్టు. వాసనకి దొంగలు కూడా నిజం ఒప్పేసుకుంటున్నారు," అనేవాడు హెడ్డు కానిస్టేబులు.

"నా కొడుకుని చంపినోడు ఒప్పుకుంటాడేమో, లోపలికే తెస్తానండి," అనేది అమ్మ.

ఎస్సైకి తాడేపల్లిగూడెం బదిలీ అయిందన్నారు. అమ్మ రైలెక్కి అక్కడికీ వెళ్ళింది. ఆయన మంచివాడే, కూర్చోబెట్టి చెప్పాడు. "హత్యకేసుకి గడువుండదమ్మా. మనిషి దొరికేదాకా తెరిచే ఉంటుంది."

అమ్మ ఆ మాటను కొంగున కట్టుకున్నట్టు పట్టుకుని ఏలూరు తిరిగొచ్చింది. హెడ్డుకి చెబితే నవ్వలేదు. "తెరిచి ఉండటం వేరు, వెతకటం వేరమ్మా. మీ ఊళ్ళో ఎవరైనా నోరు విప్పాలి. విప్పేదాకా మేం కూర్చునే ఉంటాం."

ఆ ఎండాకాలం కొల్లేట్లో నీళ్ళు బాగా తీసేశాయి. అమ్మా నేనూ చాపలల్లుకునే తుంగ కొయ్యడానికి వెళ్ళాం. ఎండిన బురదలో ఒక గెడ నిలువునా దిగబడి ఉంది. పనికొస్తుందని ఊపి లాగాను. అడుగు కొసకు తొడిగిన ఇనప పొన్ను బయటపడింది. అమ్మ కొడవలి పక్కన పెట్టి, దాన్ని చీర చెరగుతో తుడిచింది. అమ్మ రోకలి విరిగిపోతే, దాని పొన్ను ఊడదీసి అన్న గెడకు వేశాడు మా నాన్న, తను బతికుండగా. ఒకవైపు నొక్కు ఉండేది. ఆ నొక్కు అక్కడే ఉంది.

అలాగే మామ ఇంటికి వెళ్ళాం. ఆయన అరుగుమీద వెదురు కాలుస్తున్నాడు.

"నువ్వు కాల్చిన గెడ ఎవడిదిరా?" అంది అమ్మ.

ఆయన అమ్మ చేతిలో గెడను చూశాడు. మంట ఆర్పాడు. "తొందర్లో గెడలు మారిపోయినియ్యక్కా. ఆ పెద్దింటోడు ఆడి గెడ దోన్లో వదిలేసి, మనోడిది పట్టుకుపోయి బురదలో దిగేశాడు కాబోలు."

"నీకు తెలుసా?"

"నేను చేసిన గెడ నాకు తెలీదా? చిన్నోళ్ళిద్దరూ ఈ నీళ్ళమీద బతకాలి. ఆళ్ళతో పెట్టుకుంటే నీకు ఆ ఇద్దరూ దక్కరు."

"మమ్మల్ని అడిగేరా మావయ్యా?" అన్నాను నేను. ఆయన కాలిన వెదురు తీసి చూరులో దోపాడు.

పొన్ను గెడ పట్టుకుని అమ్మ ఏలూరు వెళ్ళింది. కొత్త ఎస్సై మామను పిలిపించాడు. మా ఎదురుగా, తువ్వాలు చంకలో పెట్టుకుని, మామ మెల్లిగా, మర్యాదగా చెప్పాడు. "మా వోడికి రెండు గెడలున్నాయండి. ఒకటి కాల్చేం. ఇదెప్పుడో నీళ్ళల్లో పోయిందండి. మా అక్కకి కొడుకు పోయిన కాడ్నించి మతి నిలకడగా లేదండి."

ఎస్సై అమ్మవైపు జాలిగా చూశాడు. పోలీసులు వెతకటం ఆ చూపుతోనే అయిపోయింది. కాగితాల్లో కేసు ఎన్నాళ్ళు తెరిచి ఉందో నాకు తెలియదు. మనిషిని మాత్రం పట్టుకోలేదు. మా వలకట్టు చోటు కూడా ఆ పెద్ద కుటుంబానిదే అయింది. తమ్ముళ్ళు బతికారు, నిజమే. వాళ్ళ దగ్గరే కూలికి దోనెలు నడిపి బతికారు.

అమ్మ మళ్ళీ ఏలూరు వెళ్ళలేదు. చేపలు కైకలూరు మోసుకుపోయేది. మామ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

అమ్మ పోయినప్పుడు ఆయన వచ్చాడు. ముసలివాడైపోయాడు. పాడె కొమ్ము అందుకోబోయాడు. నేను అడ్డం వెళ్ళి నిలబడ్డాను.

"మా అక్కని ఒక్క అడుగు మొయ్యనీ," అన్నాడు.

"మతి నిలకడలేని మనిషండి. మీరెందుకు మొయ్యటం," అన్నాను.

ఆయన చెయ్యి తీసేశాడు. తమ్ముళ్ళు నావైపు కోపంగా చూశారు. ఆ కొమ్ము పక్కింటాయన పట్టాడు.