ఉంచేసిన బేరింగు

రాజోలు నుంచి మలికిపురం వెళ్ళే రోడ్డులో, కాలవ గట్టునానుకుని ఒక రేకుల షెడ్డు ఉంటుంది. బోర్డు లేదు, పెట్టాల్సిన అవసరమూ రాలేదు. ఏసుదాసుగారి షెడ్డు ఎక్కడండీ అని అడిగితే చేస్తున్న పని ఆపి మరీ చూపిస్తారు. ముప్ఫై ఆరేళ్ళుగా ఆయన అక్కడే కార్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. సఖినేటిపల్లి నుంచీ, కొత్తపేట నుంచీ, రేవు దాటి నరసాపురం నుంచి కూడా బండ్లు వస్తాయి. అద్దాల గదులున్న గ్యారేజీలు వదిలేసి ఈ రేకుల కిందికి ఎందుకొస్తారంటే, దాసుగారు పనికొచ్చే వస్తువుని పారెయ్యడు. అదీ ఆయనకున్న పేరు.

ఇది కాస్త విడమర్చి చెప్పాలి. కారు ఇంజనుకి టైమింగ్ బెల్టు అని ఒకటి ఉంటుంది. అది తెగితే ఇంజను లోపలి వస్తువులు ఒకదాన్నొకటి పొడుచుకుని నాశనమైపోతాయి. అందుకని గడువు రాగానే మార్చేస్తారు. మార్చాలంటే ఇంజను ముందు భాగమంతా విప్పాలి, ఒక రోజు పని. బెల్టుని బిగించి పట్టే టెన్షనరు, దాని దారిలో తిరిగే ఐడ్లరు అనే చిన్న చక్రం, వాటర్ పంపు, అన్నీ అక్కడే ఉంటాయి, బేరింగుల మీద తిరుగుతూ. ఎలాగూ విప్పాం కదా అని గ్యారేజీల వాళ్ళు అన్నీ కలిపి మార్చేస్తారు. దాసుకి అది ఒళ్ళుమంట. "బెల్టు ముసలిదైపోతే ఇరుగుపొరుగుని కూడా కాటికి పంపేస్తారేంటండీ?" అనేవాడు.

ఆయన పద్ధతి వేరు. విప్పిన ప్రతి బేరింగునీ గుడ్డతో తుడిచి, వేలికి తొడిగి, కుడి చెవి దగ్గర పెట్టుకుని గిర్రున తిప్పుతాడు. కళ్ళు మూసుకుంటాడు. షెడ్డులో ఎవరూ మాట్లాడరు. బేరింగు లోపల ఎండిపోవడం మొదలైతే సన్నగా కూస్తుంది. కూస్తే మార్చడం, కూయకపోతే ఉంచెయ్యడం. బండి గలవాళ్ళు ఆ తీర్పు కోసం చేతులు కట్టుకుని నిలబడేవారు. "బాగుందండీ, ఉంచేద్దాం" అని ఆయన అన్నాక ఇంకో మాట ఉండేది కాదు.

ఈ మధ్య ఉంచెయ్యడాలు ఎక్కువయ్యాయని ఎవరికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు.

మొన్న ఆదివారం సత్యశ్రీ టీచరుగారి కారు దిండి దగ్గర వంతెన మీద ఆగిపోయింది. ఆవిడ సఖినేటిపల్లిలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతుంది. తల్లినీ, ఎనిమిదేళ్ళ కూతుర్నీ ఎక్కించుకుని పాలకొల్లు వెళ్తోంది. వంతెన నడిమధ్యలో ఫట్‌మని చప్పుడై ఇంజను చచ్చిపోయింది. వెనకే వస్తున్న కొబ్బరికాయల లారీ డ్రైవరు బ్రేకు మీద నిలబడబట్టి బతికారు. పాప కూర్చున్న వెనక సీటుకీ లారీ మొహానికీ మధ్య మూరెడు జాగా మిగిలిందట. సోమవారం పొద్దున్నే ఆ కారుని తాడు కట్టి లాక్కొచ్చి దాసు షెడ్డులో పెట్టారు.

దానికి అయిదు నెలల కింద బెల్టు మార్చింది దాసే. "అన్నీ మార్చెయ్యండి మేస్త్రిగారూ, రోజూ తిరిగే బండి" అని టీచరుగారు ఆ రోజే అంది. ఈయన ఐడ్లరునీ టెన్షనరునీ చెవి దగ్గర తిప్పి చూసి, "ఇంకో రెండేళ్ళు వీటి జోలికి వెళ్ళక్కర్లేదండీ" అని పాతవే బిగించేశాడు.

ఇప్పుడు విప్పి చూస్తే ఐడ్లరు బేరింగు బిగుసుకుపోయి ఉంది. వేలితో తిప్పితే కదల్లేదు. ఆగిపోయిన చక్రం మీద రాసుకుని రాసుకుని బెల్టు కాలి తెగింది. ఇంజను లోపల వాల్వులన్నీ పొడుచుకుని వంగిపోయాయి. ఒక్కోసారి వస్తువే మోసం చేస్తుంది, మన చేతిలో ఏముంది అని దాసు తనకి తనే సర్దిచెప్పుకుని, ఈసారి ఏమేం మార్చాలో చూసుకుంటూ కూర్చున్నాడు. వాల్వులు తప్పవు. హెడ్ గ్యాస్కెటు తప్పదు. బెల్టు, ఐడ్లరు సరే సరి. మరి టెన్షనరు? దాన్ని తుడిచి, వేలికి తొడిగి, చెవి దగ్గర తిప్పాడు. చప్పుడు లేదు. బాగానే ఉందనుకుని ఉంచాల్సిన వాటి పక్కన పెట్టబోయాడు.

అప్పుడే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని ఆయన భార్య జ్ఞానమ్మ వచ్చింది. ఇంకా గుమ్మంలో ఉండగానే మొహం చిట్లించింది.

"అబ్బ! ఏంటండీ ఆ కీచు? పళ్ళు జివ్వుమన్నాయి."

"ఏ కీచు?"

"మీ చేతిలోదేనండీ. చెవిలో పెట్టుకుని మరీ తిప్పుతున్నారు కదా."

దాసు మళ్ళీ తిప్పాడు. "ఇప్పుడో?"

"ఆయ్, వస్తోంది."

ఆవిణ్ణి రోడ్డు దాకా వెళ్ళి అటు తిరిగి నిలబడమన్నాడు. చప్పుడు వినపడితే చెయ్యెత్తమన్నాడు. అన్నం చల్లారిపోతోందని సణుక్కుంటూనే వెళ్ళింది. ఆయన ఒకసారి పాత టెన్షనరు తిప్పాడు, ఒకసారి పెట్టెలోంచి తీసిన కొత్తది తిప్పాడు. పాతది తిప్పినప్పుడల్లా ఆవిడ చెయ్యి లేచింది. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయనకి మాత్రం రెండూ ఒకటే. రెండూ నిశ్శబ్దమే.

మాటలు వినపడతాయి. హారన్లు, రేకుల మీద వాన, అన్నీ వినపడతాయి. సన్నటి చప్పుళ్ళు మాత్రమే పోయాయి, అందుకే పోయినట్టు తెలీలేదు. రాజోలులో దోమలు తగ్గిపోయాయండీ అని రెండేళ్ళుగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతూ వచ్చాడు మహానుభావుడు! కోనసీమలో దోమలు తగ్గడమేంటని ఒక్కరంటే ఒక్కరు ఎదురు చెప్పలేదు. పెద్దాయన అంటున్నాడు కదా అని ఆయ్ ఆయ్ అంటూ తలలూపారు.

కంచం ముందు కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో ఎన్ని బండ్లకి బాగుందని చెప్పి పంపించాడో ఒక్కొక్కటే గుర్తొస్తోంది. కొత్తపేట డాక్టరుగారి కారు. రేవు అవతల రొయ్యల వ్యాపారి జీపు. మూడు నెలల కింద బుజ్జిబాబు వ్యాను, మలికిపురం చుట్టుపక్కల పిల్లల్ని బడికి తిప్పేది. దాని టెన్షనరు కూడా ఉంచేశాడు. అది గుర్తొచ్చేసరికి చెయ్యి కడిగేసుకున్నాడు. పగలంతా వ్యాను బడి దగ్గరే ఉంటుంది కదా, సాయంత్రం ఏదో ఒక వంక చెప్పి రమ్మందాంలే అనుకున్నాడు. భయం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది ఆయనకి. ఆ సంగతి కూడా ఆయనకి తెలుసు.

జ్ఞానమ్మ క్యారేజీ సర్దుతూ మెల్లగా అంది. "ఇక మీదట అన్నీ మార్చెయ్యండి. అందరూ చేసేదే కదా. ఎందుకు మార్చేరని మిమ్మల్ని ఎవరడుగుతారు? చెవి పోయిందని మనంతట మనం చాటుకుంటే రేపట్నుంచి ఈ గుమ్మం ఎవరు తొక్కుతారండీ?" అంటూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆవిడ మాటలో తప్పేం లేదు. టీచరుగారితో, బెల్టు నాసిరకం వచ్చిందండీ అంటే సరిపోతుంది. ఆవిడే కాదు, ఊరంతా నమ్ముతుంది. సాయంత్రం దాకా దాసు ఆ ఒక్క వాక్యాన్నే మనసులో అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. పని ముందుకి సాగలేదు.

నాలుగున్నరకి సత్యశ్రీ బస్సు దిగి వచ్చింది. విప్పి పడేసి ఉన్న ఇంజనుని చూసి ఒక్క క్షణం ఆగింది గానీ, మాట మాత్రం మెత్తగానే వచ్చింది.

"మీరేం బాధపడకండి మేస్త్రిగారూ, యంత్రం కదా. ఈసారి ఏమేం మార్చాలంటారు? మీరెలా చెబితే అలాగేనండీ."

దాసు బెల్టు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. "ఈ బెల్టు..." అని ఆగాడు. "పాప ఎలా ఉందండీ?"

"బానే ఉందండీ. కారెక్కనంటోంది, అంతే. ఈ రోజు బడికి నడిచే వెళ్ళింది."

ఆయన బెల్టు ముక్క కింద పెట్టేశాడు.

"బెల్టుదేం తప్పు లేదమ్మా. నాది తప్పు. మీరు అన్నీ మార్చమన్నారు, నేను ఉంచేసేను. ఆ బేరింగు అప్పటికే కూస్తూ ఉండాలి. నాకు వినపడలేదు. నా చెవి పోయింది టీచరుగారూ. ఈ మధ్యాహ్నమే తెలిసింది." ఆవిడ తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననీ అనిపించింది.

ఆవిడ బిగుసుకుపోయిన ఐడ్లరుని వేలితో ముట్టుకుని చూసింది.

"నాకు వినపడిందండీ" అంది.

"ఏంటమ్మా?"

"పది రోజులుగా వినపడుతోంది. పొద్దున్నే స్టార్టు చెయ్యగానే సన్నగా ఏడ్చినట్టు వచ్చేది. మా అమ్మ కూడా అంది. రెండుసార్లు మీ షెడ్డు ముందు బండి ఆపేను. మీరు బాగుందని చెప్పేరు కదా, మళ్ళీ అడిగితే మీ మాట మీద నమ్మకం లేదనుకుంటారేమోనని... బాగోదని, అడక్కుండానే వెళ్ళిపోయేను."

తనొక్కడికే వినపడలేదనుకున్నాడు దాసు ఇంతసేపూ. వినపడినవాళ్ళు కూడా తన మాట విని, చెవులు మూసుకుని తిరుగుతున్నారు! రోడ్డు మీద ఇంకెన్ని బండ్లు అలా కూస్తున్నాయో, లోపల కూర్చున్నవాళ్ళు దాసుగారు చూసేరులే అనుకుని ఎలా నిమ్మళంగా ఉన్నారో!

షెడ్డు గోడ మీది గడియారం వంక చూశాడు. నాలుగు నలభై. ఏ వంకా వెతుక్కోకుండా గబగబా ఫోను తీసి నొక్కాడు.

"ఆయ్, చెప్పండి దాసుగారూ" అన్నాడు బుజ్జిబాబు. వెనకాల పిల్లల గోల, దాని కింద ఇంజను మోత.

"ఎక్కడున్నారు?"

"మలికిపురం దాటేనండీ. పిల్లల్ని దింపుతున్నాను."

"బండి పక్కకి తీసి ఆపెయ్యండి. ఇంజను కట్టెయ్యండి. పిల్లల్ని ఇంకో బండిలో పంపించండి."

"ఎందుకండీ? మీరు బాగుందని చెప్పేరు కదా?"

టీచరుగారు అక్కడే నిలబడి వింటోంది. ఇంటికి వెళ్ళకుండా ఉండిపోయిన జ్ఞానమ్మ కూడా గుమ్మంలోంచి వింటోంది.

"చెప్పేను బాబూ. నాకు వినపడక చెప్పేను. మీకు దణ్ణం పెడతాను, ముందు ఆపెయ్యండి."

అవతల ఇంజను మోత ఇంకా వస్తూనే ఉంది. దాసు ఫోనుని చెవికి గట్టిగా అదుముకుని నిలబడ్డాడు. తర్వాత ఆ మోత ఆగింది, పిల్లల గోల ఒక్కటే మిగిలింది. ఆయన కొత్తపేట డాక్టరుగారి నంబరు వెతకడం మొదలుపెట్టాడు.