జనార్ధనం మామ బూటు కేసు

జనార్ధనం మామకు ఈ లోకంలో గిట్టనిది ఒక్కటే: గడప దాటి లోపలికొచ్చిన చెప్పు. పాము వచ్చినా చీపురుకట్టతో మర్యాదగా సాగనంపుతాడేమో గానీ, చెప్పు వస్తే మాత్రం విజిల్ ఊదుతాడు.

విజిల్ అంటే నిజంగా విజిలే. ముప్పై నాలుగేళ్ళు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. అంతకాలమూ జిల్లాలోని చెప్పులన్నీ తన కాళ్ళు తొక్కుతుంటే, "కొంచెం లోపలికి జరగండయ్యా" అని ఆ తొక్కినవాళ్ళనే బతిమాలుకున్నాడు. రిటైరైన మర్నాడే కసి తీర్చుకోవడం మొదలుపెట్టాడు. కొండగుడి ఉన్న తమిళ ఊరు తిరుత్తణిలో వాళ్ళింటి ముందుగదిలో కోడలు కోకిల కంప్యూటర్ సెంటర్ నడుపుతోంది. అప్లికేషన్లు, పెళ్ళిపత్రికలు, జెరాక్సులు. ఎవరైనా గడప మీద కాలు పెడితే చాలు, ఒక విజిల్. బస్సు భాషలో ఒక విజిలంటే ఆగమని. చెప్పులు విడిచి స్టాండులో పెడితే, అట్టముక్కతో చేసిన టోకెన్ చేతికిచ్చి, ఇక పోదాం పదమని రెండు విజిళ్ళు ఊదేవాడు. "పోలాం, రైట్!"

ఒకసారి జనాభా లెక్కలు రాసుకునే ఉద్యోగి లేసులు కట్టిన బూట్లతో వచ్చాడు.

"తమ్ముడూ, బూట్లు."

"సార్, నేను గవర్నమెంటు పని మీద వచ్చినా."

"నేనూ గవర్నమెంటు పనే చేసినా, ముప్పై నాలుగేండ్లు. విప్పు."

విప్పితే మేజోడు చిల్లులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. పాపం ఆ పిల్లాడు ఒక కాలు మీద ఇంకో కాలు దాచుకుని, కొంగలా నిలబడి ఇంట్లో ఎంతమందో రాసుకుని పోయాడు.

ఇది చాలదన్నట్టు, స్టాండులో పెట్టిన చెప్పులు అప్పుడప్పుడూ మాయమయ్యేవి. టోకెన్ చూపిస్తే, "లేదు, ఆదివారం రా" అని తన పాత హవాయి చెప్పులు ఇచ్చి పంపేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. ఆదివారానికి ఆ చెప్పులు బుద్ధిగా స్టాండులోనే ఉండేవి. దొరికాయన్న సంతోషంలో వాటిని తిరగేసి చూసినవాళ్ళు లేరు. కోకిల గోధుమరంగు చెప్పులు కూడా పోయిన శనివారం అలాగే మాయమైపోయాయి. ఆదివారం పోయినా రాలేదు. అడిగితే, "నాకేం తెలుసమ్మా, శనివారం నేను ఊళ్ళోనే లేను గదా" అన్నాడు. నిజమే. శనివారమొస్తే పసుపు సంచి భుజాన వేసుకుని, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి దర్శనానికి రైలెక్కుతాడు. అంత భక్తి!

ఇలాంటి మనిషిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడం కోకిల చేసిన తప్పు. ఆమె చెల్లెలు నిత్యకు శుక్రవారం సీమంతం. వాళ్ళ అవ్వ వసుమతమ్మది కే.జీ.కండిగై అనే పల్లె. సీమంతం పాటలు, గాజుల పాటలు, భోజనాల బంతి పాటలు అన్నీ ఆవిడ నోట్లోనే ఉన్నాయి. ఇంట్లో పిల్లలకు తెలుగు మాటలొస్తాయి గానీ, చదవడం తమిళమే. అందుకని కోకిల ఎనిమిది నెలలుగా ఆదివారాలు కండిగైకి పోయి, అవ్వ పాడుతుంటే ఆ తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో టైపు చేసింది. నలభై ఒక్క పాటలు. అవ్వ ఒకసారి పాడింది రెండోసారి పాడదు. "ముందు అట్ల పాడినానా? ఇప్పుడింతే వస్తుండాది" అంటుంది. ఇంకో కాపీ లేదు. పుస్తకం అచ్చేసి సీమంతానికి పంచాలని కోకిల ఆశ.

మంగళవారం కంప్యూటర్ స్థలం చాలదని మొరాయించింది. వంటింట్లో కుక్కర్ కూత వేస్తోంది.

"మామా, అక్కరలేనివి కొంచెం తీసేయండి. కస్టమర్ల పాత ఫోటోలు, అంతే."

"నువ్వు పోమ్మా, నేను చూసుకుంటా."

అరగంటలో మామ శుభ్రం చేశాడు. బుధవారం పొద్దున కోకిల మీట నొక్కితే నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్లటి వరస. బూట్ మేనేజర్ మిస్సింగ్.

"మామా! బూటు మేనేజరు మిస్సింగంట!"

మామ కాఫీ గ్లాసుతో నింపాదిగా వచ్చాడు. "మిస్సింగేం కాదు. నేనే బయట పెట్టినా."

"ఏంది?"

"దాచిపెట్టినవి చూపించు అని ఒక గడి ఉండె, నొక్కినా. చూస్తే లోపల బూటు! దానికో మేనేజరు! మనింట్లో బూటా? ఎన్ని రోజులుగా దాచిపెట్టినారో! తీసేస్తానంటే పర్మిషన్ కావాలనింది. ఇంటికి పెద్దోణ్ణి నేను, నాకు ఎవురు పర్మిషనిచ్చేది? సరి సరి అని నొక్కుతానే ఉన్నా, పోయింది."

"చెత్తబుట్టలో ఉంటుంది, తీయొచ్చు..."

"బుట్ట గూడా ఊడ్చేసినా. సగం పని చేసేవాడు కాదమ్మా మీ మామ."

కోకిల కుర్చీలో కూలబడింది. ఎనిమిది నెలల ఆదివారాలు కళ్ళముందు తిరిగాయి. ఏడుపు తన్నుకొచ్చింది. "పాటలు మామా! అవ్వ పాటలన్నీ అందులోనే ఉండాయి!"

మామ కాఫీ గ్లాసు కింద పెట్టేసి, పసుపు సంచి వెతికి తెచ్చాడు.

తిరువళ్ళూరులో దినకర్ అని కంప్యూటర్లు బాగుచేసే అతను ఉన్నాడు. ఇద్దరూ రైలెక్కారు. మామ సీపీయూను పసుపు సంచిలో పెట్టి, చంటిబిడ్డలా ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్నాయన కాలు చాపితే సంచిని అటు తిప్పుకున్నాడు. కోకిల మొహం కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. ఆమె కాళ్ళకు మామ పాత హవాయి చెప్పులే, రెండు సైజులు పెద్దవి.

దినకర్ అంతా విని నవ్వాపుకున్నాడు. "పెద్దాయనా, ఈ బూటు కాలికేసుకునేది కాదు. పొద్దున్నే కంప్యూటర్ని లేపి, పోదాం పద అని బయల్దేరదీసేది."

"అంటే... విజిల్ ఊదేవాడా?"

"అదే అనుకోండి. వాడు ఊదందే బండి కదల్దు."

మామ మొహం పాలిపోయింది. "అయ్యయ్యో, కండక్టర్నే దింపేసినానా!"

"ఇంకేమేమి పీకినారో తెలీదు. పాటలుండాయా లేదా అనేది లేచినాకే చెప్తా. ఒక గంట బయట తిరిగి రండి."

గంటసేపు ఎక్కడ తిరగాలి? స్టేషన్ వైపు నడిచారు. మెట్ల పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే ముసలాయన మామను చూడగానే లేచాడు. "వాంగ కండక్టర్ సార్! ఇన్నిక్కి శనిక్కిళమై ఇల్లయే?" రండి రండి, ఇవాళ శనివారం కాదే అని ఆశ్చర్యపోయాడు.

శనివారం కాకపోతే మామ రాకూడదా? కోకిలకు అర్థం కాలేదు. మామ కళ్ళతోనే వద్దు వద్దని సైగ చేస్తున్నాడు. ముసలాయన ఆ సైగ చూసుకోలేదు. గోనెసంచి కిందినుంచి ఒక జత తీసి ఎదురుగా పెట్టాడు. పోయిన వారం ఆరు జతలు ఇచ్చారనీ, అయిదు అప్పుడే అయిపోయాయనీ, మీ కోడలిది మాత్రం అడుగు మొత్తం మార్చాల్సి వచ్చి ఆలస్యమైందనీ తమిళంలో వివరంగా చెప్పాడు.

కోకిల గోధుమరంగు చెప్పులు! కొత్త తోలు వారు, కొత్త అడుగు. ఈసారి ఆమె తిరగేసి చూసింది.

"మామా, వీరరాఘవస్వామి దర్శనమని మీరు శనివారం శనివారం వచ్చేది..."

"దర్శనం గూడా చేసుకుంటా" అన్నాడు మామ రోషంగా.

"మాయమైన చెప్పులన్నీ ఇక్కడికేనా?"

మామ నేలచూపులు చూశాడు. "బస్సులో ముప్పై నాలుగేండ్లు ఎక్కేవాళ్ళ కాళ్ళే చూసినా. తెగే చెప్పు వారు నాకు దూరం నుంచే తెలుస్తాది. కుట్టించుకోమంటే రేపు, మాపు అంటారు. మనం కొండ మెట్లెక్కే ఊరోళ్ళం గదమ్మా."

"ఒక మాట చెప్పుంటే ఏం పోయె? ఊరంతా మిమ్మల్ని చెప్పుల దొంగ అంటాది!"

"చెప్తే నాకెవురు భయపడతారు? ఇంగ ఎవురు ఇప్పుతారు?"

పొద్దుటినుంచి బిగపట్టుకున్న కోపం కోకిలలో ఎక్కడ జారిపోయిందో తెలీదు. తన చెప్పులు వేసుకుంది. హవాయి జత చేతిలో పట్టుకుని, "పదండి మామా" అంది. పాటలు పోయుంటే అవ్వ కాళ్ళు పట్టుకుని మళ్ళీ మొదలుపెడదాం అనుకుంది. అవ్వ వేరే పాటలు పాడినా సరే.

వాళ్ళు వెళ్ళేసరికి దినకర్ ఆఖరి మీట నొక్కుతున్నాడు. నల్లటి తెర. చిన్న చుక్కలు గుండ్రంగా తిరిగాయి. నీలం వెలుగు వచ్చింది. కోకిల గబగబా వెతికింది. అవ్వ పాటలు, నలభై ఒకటి. ఒక్కటీ తగ్గలేదు.

మామ జేబులోంచి విజిల్ తీశాడు. రెండు విజిళ్ళు. "పోలాం, రైట్!" షాపు బయట ఆటో ఒకటి నిజంగానే కదిలింది.

శుక్రవారం కండిగైలో సీమంతం బ్రహ్మాండంగా జరిగింది. ఆడపిల్లలంతా పుస్తకం చూసి ఒకే గొంతుగా పాడుతుంటే అవ్వ మాత్రం వేరే ఏదో పాడింది. "ఎవుర్రా ఇట్ల రాసింది, అంతా తప్పు" అని కూడా అంది. వాకిట్లో ఎనభై జతల చెప్పులు వరసగా ఉన్నాయి. మామ వాటి మధ్య గొంతుక్కూర్చుని ఒక్కోటీ తిరగేసి చూస్తున్నాడు. పక్కన పసుపు సంచి. చూసినవాళ్ళు, "దొంగ దొరికినాడు!" అని నవ్వారు. కోకిల ఏమీ చెప్పలేదు. చెప్తే ఆయనకెవరు భయపడతారు?

ఇప్పటికీ రోజూ పొద్దున ఆమె కంప్యూటర్ పెట్టేటప్పుడు మామ గడప దగ్గర నుంచే అడుగుతాడు.

"కోకిలా, బూటు లోపలే ఉండాది గదా?"

"ఉండాది మామా."

"ఆ ఒక్కటీ ఉండనీ" అని, వీధివైపు తిరిగి విజిల్ నోట్లో పెట్టుకుంటాడు.